అక్క సినిమా, తమ్ముడి డ్రమ్ము: యానిమేషన్ ఫ్యామిలీ కామెడీలో తోబుట్టువుల ఎపిసోడ్ రాయడం ఎలా

యానిమేషన్ ఫ్యామిలీ కామెడీ రాద్దామని మొదలుపెట్టిన వాళ్ళ స్క్రిప్టులు చాలా చదివాను, వాటిలో ఒక సీన్ దాదాపు ప్రతిసారీ కనిపిస్తుంది. అక్క ఏదో బొమ్మ గీస్తుంది, ఎవరో నవ్వుతారు, అక్క దాన్ని చింపేసి గదిలోకెళ్ళి తలుపేసుకుంటుంది, తమ్ముడు మెల్లగా వచ్చి పక్కన కూర్చుని "నీలో చాలా టాలెంట్ ఉందక్కా, నిన్ను నువ్వు నమ్ముకో" అంటాడు, వెనక పియానో మోగుతుంది, ఇద్దరూ వాటేసుకుంటారు. ఏ ఇంట్లో ఏ తమ్ముడు అలా మాట్లాడతాడో మీరే చెప్పండి. పదకొండేళ్ళ పిల్లాడు అక్క ఏడుస్తుంటే ముందు తలుపు దగ్గర నిలబడి కాసేపు గోక్కుంటాడు, తర్వాత "నా చార్జర్ నీ దగ్గరుందా" అంటాడు, ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే ఆ చిరిగిన బొమ్మకి టేపు వేసి టేబుల్ మీద పెట్టేసి వెళ్ళిపోతాడు. ఆ టేపు ముక్క మీ ఎపిసోడ్. దాన్ని 22 నిమిషాల కథగా ఎలా పెంచాలో నాకు తెలిసినంతవరకు చెప్తా.

మొదట ఒక్క విషయం మనసులో పెట్టుకోండి, మిగతాదంతా దీన్నుంచే వస్తుంది. తోబుట్టువులు నోటితో ఏడిపిస్తారు, చేతుల్తో సాయం చేస్తారు. ఈ రెండూ ఒకే సీన్‌లో ఒకేసారి జరుగుతుండాలి. నోరు కూడా మెత్తబడిపోతే కామెడీ పోతుంది, చేతులు కదలకపోతే ప్రేమ ఉందని ప్రేక్షకుడికి తెలీదు. నేను ఏ డ్రాఫ్ట్ చూసినా ముందు చూసేది ఇదే, డైలాగులన్నీ మూసేసి యాక్షన్ లైన్లు, అంటే ఎవరేం చేస్తున్నారో చెప్పే లైన్లు మాత్రమే చదివితే వీళ్ళు ఒకరికొకరు సాయం చేసుకుంటున్నట్టు తెలుస్తోందా, తర్వాత యాక్షన్ మూసేసి డైలాగులు మాత్రమే చదివితే వీళ్ళకి ఒకరంటే ఒకరికి అస్సలు పడదనిపిస్తోందా. రెండిటికీ అవును అని వస్తే ఆ స్క్రిప్ట్ మంచి దారిలో ఉన్నట్టే.

ఏ కళ ఇవ్వాలి

పిల్లకి ఏ కళ పిచ్చి ఉండాలి అనేది చాలామంది లాటరీ తీసినట్టు తీసేస్తారు, పాటలు పాడుతుంది, కవితలు రాస్తుంది, ఏదో ఒకటి. అలా చెయ్యకండి. ఇది ఫ్యామిలీ కామెడీ, అంటే ఒకే కప్పు కింద నలుగురైదుగురు ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకుంటూ బతికే కథ, కాబట్టి ఆ కళ ఇంట్లో చోటు తినాలి, శబ్దం చెయ్యాలి, వాసన రావాలి, ఎవరో ఒకరి వస్తువు లాక్కోవాలి. నోటుబుక్కులో దాక్కునే కవిత్వం ఎవరికీ అడ్డం రాదు, అందుకే దాంతో కామెడీ పుట్టించడం కష్టం. హాల్లో సగం ఆక్రమించిన అట్టపెట్టెల సెట్ మాత్రం భోజనాల టైంకల్లా గొడవ తెచ్చేస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా దాన్నే వాడతా. అక్కకి పద్నాలుగేళ్ళు, మట్టి బొమ్మలతో స్టాప్ మోషన్ సినిమా తీయాలని పట్టుదల. తమ్ముడికి పదకొండు, డ్రమ్మర్ అవ్వాలని, చేతికి ఏది దొరికితే దాన్ని వాయించేస్తాడు, నిద్రలో కూడా వేళ్ళు ఆగవు. చిన్న చెల్లికి ఏడు, ఎవరితోనైనా బేరం పెట్టి గెలుస్తుంది. అక్కా తమ్ముడూ ఒకే గదిలో ఉంటారు.

ఇప్పుడు స్టాప్ మోషన్ ఎలా పనిచేస్తుందో చూడండి, ఎందుకంటే గొడవ మొత్తం అక్కడే ఉంది. బొమ్మని కొంచెం కదిపి ఒక ఫొటో, ఇంకొంచెం కదిపి ఇంకో ఫొటో. సెకనుకి 12 ఫొటోలు వేసుకుంటే ఒక్క నిమిషం సినిమాకి 720 ఫొటోలు. ఒక్కో ఫొటోకి ఒక నిమిషం పట్టినా 12 గంటల పని. మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలితే బొమ్మ ఎగిరిపడ్డట్టు కనిపిస్తుంది, కిటికీలోంచి వచ్చే వెలుతురు మారితే సినిమా మినుకుమినుకుమంటుంది, పక్కన ఎవరైనా గట్టిగా నడిస్తే టేబుల్ అదిరి బొమ్మ పడిపోతుంది. అంటే అక్కకి కావల్సింది కదలని నేల. తమ్ముడికి కావల్సింది అదిరే నేల. విలన్ అక్కర్లేదు, అపార్థం అక్కర్లేదు, ఒకళ్ళ డైరీ ఇంకొకళ్ళు దొంగచాటుగా చదవక్కర్లేదు. ఇద్దరివీ న్యాయమైన కోరికలే, గది ఒక్కటే ఉంది. కళని ఎంచుకునేటప్పుడు ఆ కళ పని జరిగే పద్ధతి నేర్చుకోండి, నిజంగా ఒక సాయంత్రం కూర్చుని చేసి చూడండి, సగం కథ అదే ఇచ్చేస్తుంది. పైపైన "ఆర్టిస్ట్" అని రాసుకుంటే మీకు దొరికేది చిరిగిన బొమ్మ, ఏడుపు, పియానో అంతే.

పని ఎంత బాగుండాలి

ఇది సున్నితమైన చోటు. అక్క తీసిన సినిమా ఘోరంగా ఉంటే ప్రేక్షకుడు ఆ పిల్లని చూసి నవ్వుతాడు, అది నాకు నచ్చదు, పిల్లల ఆశని నవ్వులపాలు చేసే కామెడీ రెండోసారి చూడబుద్ధి కాదు. అలాగని అద్భుతంగా ఉంటే పద్నాలుగేళ్ళ పిల్లలా ఉండదు. నేను పెట్టుకున్న కొలత ఏంటంటే, మొత్తం వంకరటింకరగా ఉండాలి, ఒక్కచోట మాత్రం నిజంగా గుండె పట్టేసేలా ఉండాలి. బొమ్మకి చెవులు ఎక్కడున్నాయో తెలీదు, కథ అర్థం కాదు, కానీ ఆ మట్టి బొమ్మ మెట్టు ఎక్కబోతూ ఒక్క క్షణం ఆగి కిందకి చూసే తీరులో ఏదో ఉంది. నవ్వు ఎక్కడి నుంచి రావాలంటే ఆశ ఎంత పెద్దదో సామాన్లు ఎంత తక్కువో ఆ తేడా నుంచి రావాలి. సముద్రయుద్ధం తీయాలి, చేతిలో ఉన్నది ఒక నీలం దుప్పటి.

ఇంకో మాట, మనం రాస్తున్నది యానిమేషన్ కదా, ఆ సదుపాయం వాడుకోండి. నిజం నటులతో తీసే లైవ్ యాక్షన్‌లో పిల్ల కలని చూపించాలంటే తిప్పలు, ఇక్కడ బొమ్మల స్టైల్ మార్చేసి నేరుగా ఆ సినిమా లోపలికి వెళ్ళిపోవచ్చు. కానీ కొత్త స్టైల్ అంటే కొత్త క్యారెక్టర్ డిజైన్లు, కొత్త బ్యాక్‌గ్రౌండ్లు, ప్రొడక్షన్‌కి అదనపు పని, కాబట్టి ఎపిసోడ్ మొత్తంలో రెండుసార్లు, ఒక్కోసారి అర నిమిషం చాలు. మొదటిసారి అక్క ఊహలో ఎంత గొప్పగా ఉందో అది, రెండోసారి చివర్లో నిజంగా తయారైనది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు రెండోదే బాగుందనిపించాలి, ఎందుకంటే అందులో ఇంట్లో అందరి చేతి గుర్తులూ ఉన్నాయి.

సాయానికి ఖరీదు ఉండాలి

ఉచితంగా చేసే సాయం తెర మీద గాలికి కొట్టుకుపోతుంది. ది సింప్సన్స్ అనే అమెరికన్ యానిమేషన్ సిరీస్‌లో 1995లో వచ్చిన 'రౌండ్ స్ప్రింగ్‌ఫీల్డ్' ఎపిసోడ్ చూడండి. లీసాకి సాక్సఫోన్‌లో గురువులాంటి బ్లీడింగ్ గమ్స్ మర్ఫీ చనిపోతాడు, ఆయన సంగీతం ఊరంతా వినేలా రేడియోలో వేయించాలని లీసా కోరిక, దానికి కావల్సిన ఆల్బమ్ ధర 500 డాలర్లు. అదే ఎపిసోడ్‌లో లీసా అన్న బార్ట్ పొద్దున తినే సీరియల్‌లో ఇనప ముక్క వచ్చి, కడుపునొప్పితో ఆపరేషన్ దాకా వెళ్ళి, నష్టపరిహారంలో లాయర్ వాటా పోగా వాడి చేతికి సరిగ్గా 500 డాలర్లు వస్తాయి. తనకి కావల్సిన బొమ్మ బిళ్ళ కొనుక్కుందామని వెళ్ళినవాడు ఆ డబ్బుతో చెల్లికి ఆల్బమ్ కొనేస్తాడు. కారణం కూడా చెప్తాడు, నాకు కడుపునొప్పి అన్నప్పుడు ఇంట్లో నమ్మింది నువ్వొక్కదానివేనని. ఎంత పొదుపుగా అల్లారో గమనించండి, మొదటి సీన్లలో కామెడీ కోసం పెట్టిన కడుపునొప్పి చివర్లో సాయానికి కారణం అయ్యింది, డబ్బూ అక్కడి నుంచే వచ్చింది. బార్ట్ ఉన్నట్టుండి మంచివాడు అయిపోలేదు, బాకీ తీర్చాడు. పిల్లల లెక్క ఎప్పుడూ అలాగే ఉంటుంది.

అయితే ఖరీదు అనగానే అందరూ వేసే పాచిక ఒకటుంది, అక్క షో, తమ్ముడి పోటీ ఒకే రోజు ఒకే టైంకి పడటం. దయచేసి వదిలెయ్యండి. అది క్యాలెండర్ పెట్టిన పరీక్ష, మనిషి లోపలి నుంచి వచ్చింది కాదు. ఖరీదుని ఆ క్యారెక్టర్ స్వభావంలోంచి తియ్యండి. మన తమ్ముడు ఒక్క క్షణం కూడా చప్పుడు చెయ్యకుండా ఉండలేడు కదా, అయితే వాడు కట్టాల్సిన ఖరీదు నిశ్శబ్దం. అక్క దగ్గర లైటు పట్టుకునేవాళ్ళు లేరు, తమ్ముడు టేబుల్ లైట్ పట్టుకుని కదలకుండా మెదలకుండా కూర్చోవాలి. వేళ్ళు దురద, మోకాలు దానంతటదే ఊగబోతుంది, పక్కింటి గేటు లయబద్ధంగా కొట్టుకుంటోంది, కుళాయి చుక్క చుక్కగా తాళం వేస్తోంది, వాడి మొహం మీద చెమట. ఈ సీన్ మాట లేకుండా ఒక నిమిషం లాగొచ్చు, నవ్వు ఆగదు, అదే నిమిషంలో వాడికి అక్క సినిమా అంటే ఎంత లెక్కో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. ఇద్దరిలో ఎవరూ ఆ మాట పైకి అనకూడదు.

రెండో వైపు కూడా ఖరీదు ఉండాలి, ఇది చాలా స్క్రిప్టుల్లో మర్చిపోతారు. సాయం ఒకవైపే నడిస్తే ఒకడు హీరో, ఇంకొకడు పనివాడు అయిపోతాడు. తమ్ముడికీ సొంత ఆశ ఉంది, వాడు డ్రమ్మర్ అవ్వాలి, అక్క దానికోసం ఏం వదులుకుంటుంది? నేను మొదట్లో రాసిన ఒక కథలో ఇదే పొరపాటు చేశాను, అన్నయ్య పాట కోసం చెల్లి ఊరంతా తిరుగుతుంది, చెల్లికి ఏం కావాలో నేను ఎక్కడా అడగలేదు. చదివిన ఒకావిడ "ఈ అమ్మాయి వీళ్ళింట్లో ఏం చేస్తుంటుంది" అని అడిగింది, ఆ ప్రశ్న ఇప్పటికీ ప్రతి కథకీ వేసుకుంటా.

ఒకరి పిచ్చి ఇంకొకరి పిచ్చికి తాళం అవ్వాలి

నన్నడిగితే ఈ రకం ఎపిసోడ్‌కి ప్రాణం ఇదే. సాయం చేసేవాడు తన కళని పక్కన పెట్టి రావడం మంచిదే, తన కళని పట్టుకుని రావడం ఇంకా మంచిది. బాబ్స్ బర్గర్స్ అనే ఇంకో అమెరికన్ యానిమేషన్ సిరీస్ 2011లో మొదలైంది, అందులో 2013లో వచ్చిన 'టాప్సీ' ఎపిసోడ్ దీనికి గట్టి ఉదాహరణ. ఆ ఇంట్లో చిన్నపిల్ల లూయీజ్‌కి సైన్స్ టీచర్ మీద కక్ష, ఆయన దేవుడిలా చూసే ఎడిసన్ పరువు తీయాలని, కరెంటుతో చంపేసిన టాప్సీ అనే ఏనుగు కథ తీసుకుంటుంది. దానికి పాటలు కట్టమంటే అన్న జీన్ దాన్ని ప్రేమకథ చేసేస్తాడు. లూయీజ్‌కి కావల్సింది పగ, జీన్‌కి కావల్సింది సంగీతం, ఇద్దరూ ఒకే స్టేజీ మీదున్నారు, ఎవరి కారణం వాళ్ళది. ఒకే కారణంతో కలిసి పనిచేసే తోబుట్టువుల కంటే వేరే వేరే కారణాలతో కలిసేవాళ్ళు చాలా ఎక్కువ నవ్విస్తారు.

మన కథలో ఇది ఎలా దొరుకుతుందంటే, అక్క బొమ్మ నడక కుదరట్లేదు. ఒక అడుగు వేగంగా, ఒకటి నెమ్మదిగా, చూస్తే కాలు మడత పడ్డట్టుంది. తమ్ముడు లైటు పట్టుకుని పదే పదే అదే చూస్తున్నాడు, వాడికి బొమ్మల గురించి ఏం తెలీదు, లయ మాత్రం తెలుసు. నిమిషానికి 120 దెబ్బల తాళం వేస్తే ఒక్కో దెబ్బకి అర సెకను, సెకనుకి 12 ఫొటోలు అయితే ఒక దెబ్బకి 6 ఫొటోలు. అడుగుకి ఆరు ఫొటోలు తీస్తే బొమ్మ తాళానికి నడుస్తుంది. ఇది నేను కల్పించిన ట్రిక్ కాదు, యానిమేటర్లు సంగీతానికి బొమ్మని కలిపే లెక్కే ఇది, సెకనుకి 24 ఫ్రేముల సినిమాలో అదే తాళానికి దెబ్బకి 12 ఫ్రేములు వస్తాయి. అంటే గదిని పాడుచేసిన డ్రమ్మే సినిమాని నిలబెడుతుంది. ఇద్దరి మధ్య గొడవకి కారణమైన వస్తువే పరిష్కారం కూడా అయితే ఎపిసోడ్‌కి కట్టు కుదురుతుంది, బయటి నుంచి ఎవరో వచ్చి కాపాడక్కర్లేదు. పైగా తమ్ముడికీ లాభం ఉంది, ఇన్నాళ్ళూ ఆగకుండా వేగంగా వాయించేవాడు మొదటిసారి ఒకే తాళాన్ని నిలకడగా ఒక నిమిషం వాయించాడు, ఎందుకంటే ఒక మట్టి బొమ్మ దాని మీద నడవాలి. డ్రమ్మర్‌కి వేగం కంటే నిలకడ కష్టం, వాడు నిజంగా డ్రమ్మర్ అయ్యింది ఆ నిమిషంలోనే.

మాటలు రాసేటప్పుడు

మన భాషలో తోబుట్టువుల మధ్య దూరం కొలవడానికి పిలుపులే చాలు, ఈ ఆయుధాన్ని వృథా చెయ్యొద్దు. ఎపిసోడ్ మొత్తం తమ్ముడు అక్కని "ఏయ్", "ఓయ్ డైరెక్టరూ", "ఇదిగో నిన్నే" అనే పిలవాలి, అక్క వాడిని "పోరా", "ఎదవ", "బయటికి నడు" అనాలి. బొమ్మ పడి విరిగిపోయిన సీన్‌లో మాత్రం వాడి నోట్లోంచి "అక్కా" అని రావాలి, ఒక్కసారే, ఇంకో మాట లేకుండా. సారీ అని రాయకండి. ఆ పిలుపులో సారీ ఉంది, భయం ఉంది, ఇప్పుడేం చేద్దాం అన్న ప్రశ్న కూడా ఉంది. అమ్మ ముందు మాత్రం వాడు మొదటి సీన్ నుంచి "అక్క" అనే అంటాడు, అది వేరే, అది అవసరం కోసం పెట్టుకున్న మర్యాద.

పొగడ్త వచ్చే చోట దాన్ని పని మాటగా మార్చెయ్యండి. ఇలా:

"ఏంటది, కుంటుతోందా?"

"నడుస్తోంది."

"మా లెక్కల సారు నయం."

"బయటికి నడు."

"ఎడం కాలు ఇంకొంచెం ముందు లేపు."

"...ఎంత?"

"ఒక దెబ్బ."

ఇందులో బాగుంది అన్న మాట లేదు, నమ్మకం అన్న మాట లేదు. కానీ "ఎంత?" అని అక్క అడిగిన క్షణం చూడండి, పద్నాలుగేళ్ళ పిల్ల పదకొండేళ్ళ వాడిని తన పనిలోకి రానిచ్చింది. నా దృష్టిలో అంతకంటే పెద్ద గౌరవం లేదు.

అలాగే ఒకరి మాట పూర్తయ్యాక ఇంకొకరు మాట్లాడే పద్ధతి తోబుట్టువులకి పనికిరాదు. మాట మీద మాట పడాలి. బాబ్స్ బర్గర్స్‌లో నటుల్ని వీలైనంతవరకు కలిపి రికార్డ్ చేస్తారు, అందుకే ఆ ఇంట్లో మాటలు అంత సహజంగా గుద్దుకుంటాయి. మీ దగ్గర స్టూడియో లేకపోయినా స్క్రిప్ట్ చదివించేటప్పుడు అందర్నీ ఒకే గదిలో కూర్చోపెట్టండి, కుదిరితే నిజం అక్కాతమ్ముళ్ళని పట్టుకోండి. వాళ్ళు డైలాగుని ఎక్కడ తొక్కేస్తారో, ఎక్కడ మీరు రాయని ఒక "అబ్బో" కలుపుతారో రాసుకోండి, ఆ అబ్బోలు స్క్రిప్టులో పెట్టెయ్యండి.

22 నిమిషాల్లో ఎక్కడ ఏది

అరగంట స్లాట్ అంటే యాడ్స్ పోగా సుమారు 22 నిమిషాలు మిగులుతాయి, పిల్లల చానెళ్ళలో సగం స్లాట్ అయితే 11. పదకొండుకి అక్కాతమ్ముళ్ళ కథ ఒక్కటే చాలు, చెల్లి కథ తగ్గించెయ్యండి. ఇరవై రెండుకి నేను వేసుకునే లెక్క సుమారుగా ఇది. మొదటి మూడు నిమిషాల్లో ఇద్దరి పిచ్చీ, ఒకే గదీ కనిపించెయ్యాలి, ఎవరి పిచ్చి గురించీ ఇంకొకరు వివరించి చెప్పకూడదు, చూపించాలి. ఏడో నిమిషం లోపు అక్కకి గడువు పడాలి, ఏదో చిన్నదే, బడిలో ప్రదర్శన లాంటిది. ప్రపంచ స్థాయి పోటీలు వద్దు, కప్పు ఎంత చిన్నదైతే వీళ్ళు పడే తాపత్రయం అంత ముద్దుగా ఉంటుంది. పదకొండు పన్నెండు దగ్గర తమ్ముడి డ్రమ్ము వల్ల బొమ్మ విరగాలి, అదీ వాడు అక్క చెప్పినట్టే బయట వాయిస్తున్నప్పుడు విరగాలి, అంటే వాడి తప్పు సగమే. తప్పు మొత్తం వాడిదైతే మిగతా సగం ఎపిసోడ్ ప్రాయశ్చిత్తం అయిపోతుంది, అసలు తప్పే లేకపోతే "అక్కా" అన్న పిలుపుకి బరువు ఉండదు.

తర్వాత నాలుగైదు నిమిషాలు అక్క పని మానేస్తుంది. ఇక్కడ తొందరపడొద్దు. తమ్ముడు డ్రమ్ము పుల్లలు దాచేస్తాడు, ఇల్లు నిశ్శబ్దం అయిపోతుంది, ఇన్నాళ్ళూ ఆ చప్పుడుతో విసిగిపోయిన నాన్నకి నిద్ర పట్టదు. ఈ నిశ్శబ్దం సీన్లు రాయడం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఇంట్లో ఒకరి పిచ్చి ఆగిపోతే ఇల్లంతా ఎలా వెలితిగా అయిపోతుందో అది చెప్తుంది. పదహారు పదిహేడు దగ్గర తాళం లెక్క దొరకాలి, ఆ తర్వాత పని, ప్రదర్శన, అయిపోయింది.

చెల్లి గురించి. మూడో పిల్ల ఉంటే ఆ పిల్లకి సొంత బీ ప్లాట్, అంటే పక్కన నడిచే చిన్న కథ ఇవ్వండి, అది మెయిన్ కథకి అడ్డంగా వచ్చి తగలాలి. మన చెల్లి బేరాల పిల్ల కదా, ఇల్లంతా తిరిగి అందరితో నిశ్శబ్దాన్ని కొనుక్కొస్తుంది, అమ్మ మిక్సీ గంటసేపు ఆపడానికి తను పుస్తకాలు సర్దుతానని, నాన్న గురక ఆపడానికి పక్కకి తిరిగి పడుకోవాలని, ఇలా ఒక్కొక్క బేరం ఇంకో బేరంలో ఇరుక్కుని చివరికి తనే అందరికీ బాకీ పడుతుంది. తనది కూడా కళే, ప్రొడ్యూసర్ పని అంటే అదే, ఎవరో ఒకరు ఆ మాట అనేస్తే తన మొహం వెలిగిపోవాలి.

అమ్మానాన్నల్ని విలన్లు చెయ్యొద్దు. చదువుకోమని అరిచే నాన్న పాత్ర అరిగిపోయింది. వాళ్ళు సపోర్ట్ చేస్తారు, కాకపోతే తప్పుగా సపోర్ట్ చేస్తారు, నాన్న ఉత్సాహంగా సెట్ అంతా దులిపి శుభ్రం చేసేస్తాడు, మూడు రోజుల షాట్ పోతుంది. తప్పు సాయానికీ సరైన సాయానికీ తేడా ఇలా పక్కపక్కనే కనిపిస్తే, తమ్ముడు లైటు పట్టుకుని కదలకుండా కూర్చోవడం విలువ ఇంకా పెరుగుతుంది.

నిజం తోబుట్టువుల దగ్గర దొరికేవి

కథ ఎక్కడైనా ఆగిపోతే యానిమేషన్ చరిత్రలో ఉన్న తోబుట్టువుల దగ్గరికి వెళ్ళండి. మ్యాక్స్ ఫ్లైషర్ రోటోస్కోప్ అనే యంత్రం తయారు చేశాడు, నటించిన ఫిల్మ్ మీద ఒక్కో ఫ్రేమూ దిద్ది బొమ్మని కదిలించే పద్ధతి, 1915లో పేటెంట్‌కి దరఖాస్తు పెడితే 1917లో వచ్చింది. మరి నటించింది ఎవరంటే తమ్ముడు డేవ్, విదూషకుడి బట్టలేసుకుని అన్న కెమెరా ముందు గెంతాడు, ఆ గెంతులే కోకో అనే బొమ్మ అయ్యాయి. ఆలోచించండి, అన్న లెక్కలూ లెన్సులూ చూసుకుంటుంటే తమ్ముడు కోమాళి వేషంలో ఎగురుతున్నాడు, ఇది ఎవరూ రాయని కామెడీ సీన్, నిజంగా జరిగింది.

డిస్నీ అన్నదమ్ములది ఇంకో రకం. 1923లో వాల్ట్, రాయ్ కలిసి స్టూడియో పెట్టారు, గీతలూ కథలూ తమ్ముడు వాల్ట్‌వి, డబ్బు లెక్కలు అన్న రాయ్‌వి. 1966లో వాల్ట్ చనిపోతే రిటైర్ అవ్వాల్సిన రాయ్ ఆగిపోయి తమ్ముడు కలగన్న ఫ్లోరిడా పార్కు పూర్తి చేయించాడు, దానికి వాల్ట్ డిస్నీ వరల్డ్ అని తమ్ముడి పూర్తి పేరే ఉండాలని పట్టుబట్టాడు. 1971 అక్టోబర్ 1న అది తెరిచారు, అదే డిసెంబర్‌లో రాయ్ కూడా పోయాడు. మీ కథలో లెక్కలు చూసుకునే పిల్ల ఉంటే రాయ్‌ని గుర్తుపెట్టుకోండి, సాయం చేసేవాడి ప్రేమ ఎంత మొండిగా ఉంటుందో ఆయన దగ్గర కనిపిస్తుంది.

ఇక రైటర్ల గదిలో కూడా ఉన్నారు, బాబ్స్ బర్గర్స్‌కి రాసిన లిజీ, వెండీ మాలినూ అక్కాచెల్లెళ్ళే, 2021లో మొదలైన ది గ్రేట్ నార్త్ అనే యానిమేషన్ సిరీస్‌ని తయారుచేసిన వాళ్ళలో కూడా వీళ్ళిద్దరూ ఉన్నారు. అందులో జూడీ అనే పిల్లకి బొమ్మలు గీసే పిచ్చి, చుట్టూ అన్నదమ్ములు. తోబుట్టువుల మాటలు తోబుట్టువులు రాస్తే ఎలా ఉంటాయో వినాలనుకుంటే అది చూడండి.

ముగింపు దగ్గర

గెలిపించాలా వద్దా అని అందరూ అడుగుతారు. నాకైతే బహుమతి ముగింపులు నచ్చవు, బహుమతి వచ్చిందంటే బయటివాళ్ళ తీర్పు ముఖ్యం అయిపోతుంది. అలాగని ఓడించి "ప్రయత్నమే గొప్ప" అని చెప్పించడం ఇంకా చప్పగా ఉంటుంది. ప్రదర్శనలో జనం తక్కువ ఉండాలి, సౌండ్ సిస్టం పనిచెయ్యకూడదు. సినిమా మూగగా నడుస్తుంది, బొమ్మ నడక మొదలవ్వగానే వెనక వరసలోంచి తమ్ముడు కుర్చీ వీపు మీద తాళం వెయ్యడం మొదలుపెడతాడు, అక్క తిరిగి చూడదు, ముందుకి చూస్తూనే ఒక్కసారి తల ఊపుతుంది. అక్కడ కట్ చెయ్యండి, చప్పట్లు ఎంతమంది కొట్టారో చూపించక్కర్లేదు.

ఎండ్ క్రెడిట్స్ వదిలెయ్యకండి, అక్కడ పిల్లలు తీసిన సినిమా పూర్తిగా వెయ్యొచ్చు, ఏ పక్క పేర్లు పోతున్నా జనం రెండో పక్క చూస్తారు. దాన్ని మీ ఆర్టిస్టులతో నీట్‌గా చేయించకండి. బొమ్మ మీద వేలిముద్రలు ఉండనివ్వండి, ఒకచోట వెలుతురు మారిపోనివ్వండి. 413వ ఫొటోలో లైటు పట్టుకున్న తమ్ముడి చెయ్యి ఫ్రేములోకి వచ్చేసింది, అక్క ఎడిట్ చేసేటప్పుడు దాన్ని చూసింది, తీసెయ్యబోయి ఉంచేసింది. సినిమాలో అది సెకనులో పన్నెండో వంతే ఉంటుంది, ఆగి చూస్తే తప్ప ఎవరికీ కనపడదు. ప్రొడక్షన్ వాళ్ళు ఆ ఫ్రేమ్ తప్పు పడిందనుకుని తీసెయ్యమని నోట్ పంపితే ఒప్పుకోకండి.